ఓర్వకల్లులో రెండు విమానాల మధ్య ఐదున్నర గంటలు: ఎంత దూరం పోవచ్చు, ఎక్కడ ఆగాలి

మీరు అడిగింది ఇదీ: ఉదయం 10:20కి ఓర్వకల్లులో (కర్నూలు విమానాశ్రయం) దిగుతారు. మధ్యాహ్నం 3:50కి అక్కడి నుంచే ఇంకో విమానం. టికెట్లు రెండూ విడివిడిగా కొన్నారు. వెంట అరవై దాటిన అమ్మానాన్న, ఒక పెద్ద సూట్‌కేసు, రెండు చేతి సంచులు. ఈలోగా ఆలంపురం గుళ్లు చూసి రావచ్చా, లేకపోతే లోపలే కూర్చోవాలా?

ఆలంపురం వద్దు. లోపల కూర్చోవడమూ వద్దు. ఐదున్నర గంటలంటే చాలా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, చేతికి వచ్చేది మూడు గంటలే. లెక్క చూడండి.

10:20 నుంచి 3:50 దాకా 330 నిమిషాలు. విమానం ఆగాక మెట్లు దిగి, సూట్‌కేసు తీసుకుని గేటు బయటికి రావడానికి 25 నిమిషాలు తీసేయండి. ఇక్కడ ఆ టైముకు ఒకే విమానం ఉంటుంది కాబట్టి సామాను త్వరగానే వస్తుంది. ఇప్పుడు రెండో విమానం దగ్గర్నుంచి వెనక్కి లెక్కేయండి. ఇండిగో దేశీయ విమానాలకు చెక్ఇన్ కౌంటర్ 60 నిమిషాల ముందు మూసేస్తారు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూస్తారు. మీకు లోపల వేయాల్సిన సూట్‌కేసు ఉంది కాబట్టి మీ అసలు గడువు 3:50 కాదు, 2:50. దానికి ఇంకో అరగంట ముందు, అంటే 2:20కి టెర్మినల్ తలుపు దగ్గర ఉండాలి. దారిలో టైరు పంక్చరైనా, లారీ అడ్డం పడినా తట్టుకోవడానికి మరో 30 నిమిషాలు పక్కన పెట్టండి. 330లోంచి 25, 90, 30 పోతే 185 నిమిషాలు. ప్రయాణం, చూడటం, తిండి అన్నీ ఈ మూడు గంటల ఐదు నిమిషాల్లోనే.

ఇంత పిసినారి లెక్క ఎందుకంటే, హైదరాబాదులోనో బెంగళూరులోనో విమానం తప్పితే రెండు గంటల్లో ఇంకోటి దొరుకుతుంది. ఇక్కడ దొరకదు. ఒక ఊరికి రోజుకు ఒక్క విమానం ఉంటే గొప్ప, కొన్ని దారుల్లో వారంలో కొన్ని రోజులే నడుస్తాయి. పది నిమిషాల ఆలస్యానికి ఒక రోజు మొత్తం పోతుంది. అందుకే ఇలాంటి చోట పేరున్న స్థలం కన్నా, తిరిగొచ్చే దారిలో ఉన్న స్థలం ఎంచుకోవడమే తెలివి.

విడివిడి టికెట్ల సంగతి ముందు తేల్చుకోండి. ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద రెండు విమానాలుంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఇంకో దారి చూపించే బాధ్యత విమాన సంస్థది. రెండు పీఎన్‌ఆర్‌లైతే, రెండూ ఒకే సంస్థవైనా సరే, రెండో టికెట్ మీద మీరు రానివాళ్ల కిందే లెక్క. సూట్‌కేసు కూడా ఓర్వకల్లులో మీ చేతికే వస్తుంది, మళ్లీ మీరే కౌంటర్‌లో వేయాలి. బయల్దేరే ఊళ్లో కౌంటర్ దగ్గర చివరి ఊరిదాకా ట్యాగ్ వేస్తారేమో అడగండి, తప్పులేదు. ఆశ మాత్రం పెట్టుకోవద్దు. రెండో విమానానికి వెబ్ చెక్ఇన్ ముందురోజే చేసేయండి. దానివల్ల సూట్‌కేసు గడువు మారదు గానీ, ముగ్గురికీ పక్కపక్క సీట్లు దొరుకుతాయి, కౌంటర్ దగ్గర పని సగం తగ్గుతుంది.

ఇక్కడ చాలామంది బోర్లాపడే చోటు ఒకటుంది. మధ్యాహ్నం మీరు ఎక్కబోయే విమానం సాధారణంగా ఎక్కడి నుంచో అప్పుడే వచ్చి, అరగంటలో వెనక్కి తిరిగేది. అది బయల్దేరే ఊళ్లో ఇంకా నేల మీదే ఉందని ఫోన్‌లో ట్రాకింగ్ యాప్ చూపిస్తే, మీ విమానం కూడా ఆలస్యమని ముందే తెలిసిపోతుంది. అంతవరకు మంచిదే. కానీ అది చూసి 'ఇంకో గంట ఉందిలే' అని భోజనం దగ్గర కూర్చుండిపోకూడదు. ఆలస్యం మెసేజ్ వచ్చినా కౌంటర్ పాత టైము ప్రకారమే మూయొచ్చు. గాల్లో కాస్త సమయం కలిసొచ్చి, ఆలస్యం గంట నుంచి పావుగంటకు తగ్గిపోవడమూ ఉంటుంది. 2:20 అంటే 2:20కే రండి.

సామాను గురించి. సూట్‌కేసు దాచిపెట్టే గది ఉంటుందని నమ్ముకుని రావద్దు. ఇది చిన్న టెర్మినల్, 2021 మార్చిలో మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ నడుపుతోంది. రెండో విమానానికి కౌంటర్ తెరిచేది దాదాపు రెండు గంటల ముందు, కాబట్టి 10:45కే సూట్‌కేసు ఇచ్చేసి ఖాళీ చేతులతో పోవడం కుదరదు. దారి ఒక్కటే: బండి తిరిగినంతసేపూ మీతోనే ఉండేట్టు మాట్లాడుకుని, సూట్‌కేసు డిక్కీలో తాళం వేసి ఉంచడం. ఒకచోట దింపి వెళ్లిపోయే బండి అయితే చక్రాల పెట్టె లాక్కుంటూ బురుజు మెట్ల దగ్గర నిలబడాల్సి వస్తుంది.

బండి ముందురోజే మాట్లాడుకోండి. విమానం దిగాక యాప్‌లో వెతుక్కుందాం అనుకుంటే, ఖాళీ కార్లు 18 కిలోమీటర్ల అవతల కర్నూల్లో ఉంటాయి. అక్కడి నుంచి రావడానికే అరగంట పోతుంది. నంద్యాల బస్సులు నలభయ్యో నంబరు జాతీయ రహదారి మీదే పోతాయి, కానీ పెద్దవాళ్లతో, పెట్టెతో రోడ్డు మీద బస్సు కోసం ఎదురుచూడటం ఎండాకాలంలో అసలు వద్దు. డ్రైవర్‌తో మాట్లాడేటప్పుడు మొత్తం ఎంత అని ఒక్క ముక్కలో అడగకుండా నాలుగు విడిగా అడగండి: ఎన్ని గంటలు, ఎన్ని కిలోమీటర్లు, ఆపైన గంటకు ఎంత, టోల్, పార్కింగ్ ఎవరివి. మీ అవసరానికి నాలుగు గంటలు, అరవై కిలోమీటర్లు చాలు. విమానం ఆలస్యమైతే వెయిటింగ్ ఏ టైము నుంచి లెక్క వేస్తారో అదీ తేల్చుకోండి, గొడవలు వచ్చేది అక్కడే. బయల్దేరే ముందు డ్రైవర్‌కు 3:50 అని చెప్పకండి. 'రెండుంబావుకు ఎయిర్‌పోర్టులో దింపాల' అని చెప్పండి. 3:50 అంటే ఆయన మూడుంపావుకు చాల్లే అనుకుంటాడు.

ఇక ఎక్కడికి? ఇది నెలను బట్టి మారుతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే రాక్ గార్డెన్. విమానాశ్రయం నుంచి కర్నూలు వైపు కాకుండా నంద్యాల వైపు తిరిగితే, ఓర్వకల్లు ఊరి దగ్గర కొద్ది కిలోమీటర్లలోనే వస్తుంది. పోనూ రానూ పావుగంట, ఇరవై నిమిషాలు మించదు. అంటే 185 నిమిషాల్లో రెండున్నర గంటలు పైగా మీ చేతిలోనే ఉంటాయి. ఈ చుట్టుపక్కల ఇంత తక్కువ దారిఖర్చుతో చూడగలిగేది ఇంకోటి లేదు. సిలికా నిండిన పాత రాళ్లు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, కొన్నిచోట్ల చెక్కినట్టు నిలువుగా చీలి, మధ్యలో నీళ్ల గుంటలతో ఉంటాయి. మీ అమ్మానాన్నకు మోకాళ్ల నొప్పులుంటే రాళ్లెక్కే దారుల జోలికి పోకుండా నీళ్ల పక్క దారిలోనే నడిపించండి. అందం అక్కడే ఉంది. పర్యాటక సంస్థ రెస్టారెంటు అక్కడే ఉంది కాబట్టి, భోజనానికి ఊళ్లోకి పోవాల్సిన పని ఉండదు. అయితే చేరగానే భోజనం ఉందా, ఎన్నింటికి అని అడిగి, ముందే చెప్పి, ఆ తర్వాత తిరగండి. జనం తక్కువున్న రోజుల్లో వంట ఆర్డరిచ్చాకే మొదలవుతుంది, నలభై నిమిషాలు ఎదురుచూపుకే పోతాయి.

కేతవరం పేరు ఎవరైనా చెప్తారు. ఓర్వకల్లు మండలంలోనే, ఆదిమానవులు రాళ్ల మీద ఎర్రరంగుతో గీసిన బొమ్మలున్న చోటు. చూడదగ్గదే, కానీ దారి తెలిసిన మనిషి ఉండాలి, గుట్టల్లో నడవాలి. రెండు విమానాల మధ్య పెట్టుకునే పని కాదు. అదే మండలంలో నంద్యాల దారిలో కాల్వబుగ్గ రామేశ్వరం ఉంది. నీటి ఊట దగ్గర శివాలయం, పెద్దవాళ్లకు నచ్చుతుంది. రాక్ గార్డెన్ గంటలో ముగించగలిగితేనే దీన్ని కలపండి. అదీ పన్నెండులోపు గుడికి చేరగలిగితేనే, మధ్యాహ్నం తలుపులు వేస్తారు.

మార్చి నుంచి జూన్ దాకా రాక్ గార్డెన్ ఊసే ఎత్తొద్దు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఆ రాళ్ల మధ్య నడవడమంటే పెనం మీద నడిచినట్టే. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 42 డిగ్రీలు దాటడం మామూలే, చెట్టు నీడ తక్కువ, రాయి పట్టిన వేడి కింద నుంచి కొడుతుంది. అప్పుడు కర్నూలు ఊళ్లోకి పోండి.

ఊళ్లోకి పోయే దారిలోనే జగన్నాథగట్టు ఉంది, ఐఐఐటీ ఉన్న గుట్ట. అక్కడి సంగమేశ్వరాలయం అసలు అక్కడిది కాదు. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు మునిగిపోయే చోటు నుంచి రాయిరాయి విప్పి, తెచ్చి, మళ్లీ పేర్చిన చాళుక్యుల నాటి గుడి. కారు దగ్గరి దాకా పోతుంది, జనం ఉండరు, ఇరవై నిమిషాలు చాలు. ఆలంపురం చూడలేకపోతున్నామే అన్న వెలితి కొంత ఇక్కడ తీరుతుంది, కట్టడం తీరు అదే కోవకు చెందింది.

అక్కడి నుంచి కొండారెడ్డి బురుజు. విజయనగర రాజుల కాలపు కోటలో మిగిలిన ముక్క. ఆలంపురాన్ని ఏలిన కొండారెడ్డిని ఇందులో బంధించారు కాబట్టి ఆ పేరు. కిందున్న సొరంగం తుంగభద్ర అడుగు నుంచి గద్వాల దాకా పోతుందని ఊళ్లో అందరూ చెప్తారు. కథగా వినండి. మెట్లు నిటారుగా ఉంటాయి, పైకి ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది. అమ్మానాన్న ఎక్కలేకపోతే వాళ్లను కింద కూర్చోబెట్టి మీరొక్కరే పైకి వెళ్లిరావచ్చు, పదిహేను నిమిషాల పని. 1953 అక్టోబరు 1న నెహ్రూ చేతుల మీదుగా ఆంధ్ర రాష్ట్రం ఈ ఊళ్లోనే మొదలైంది, 1956 నవంబరు 1 దాకా కర్నూలే రాజధాని. మీ నాన్నగారి వయసు వాళ్లకు ఈ ముక్క గుర్తుచేస్తే మాటలు వాటంతటవే వస్తాయి.

ఇంకో అరగంట మిగిలితే హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ సమాధి. బిజాపూర్ సుల్తానుల తరఫున కర్నూలును ఏలినవాడు. గుమ్మటాలు చూడగానే బిజాపూర్ గుర్తొస్తుంది, ఊళ్లో గోల్ గుమ్మజ్ అంటారు. మెట్ల బాధ లేదు, లోపల చల్లగా ఉంటుంది. ఎండాకాలంలో బురుజు కన్నా ఇదే నయం, రెంటిలో ఒకటే కుదిరితే దీన్నే ఎంచుకోండి.

టైములు ఇలా పెట్టుకోండి: 10:45కి బండెక్కితే 11:10కి గట్టు, 11:30కి అక్కడి నుంచి కదలాలి. 11:50 నుంచి 12:25 దాకా బురుజో, సమాధో. 12:35 నుంచి 1:10 భోజనం. 1:15కి బండి కర్నూలు వదలాలి. ఊళ్లోని నంద్యాల చెక్‌పోస్ట్ దాటేదాకానే రద్దీ, ఆపైన రోడ్డు ఖాళీ. రెండింటికి కొంచెం అటూఇటూగా విమానాశ్రయం, చేతిలో ఇరవై నిమిషాలు మిగిలే ఉంటాయి.

తిండి దగ్గర ఒక నిరాశకు సిద్ధంగా ఉండండి. కర్నూలు అనగానే అందరూ అడిగేది ఉగ్గాని, బజ్జి. అది పొద్దుటి టిఫిను. బొరుగులు నానబెట్టి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపతో తాళింపు వేసి, పప్పుల పొడి చల్లేది, వేడి మీదే తినాలి. పదిన్నర దాటితే చాలాచోట్ల అయిపోతుంది, మిగిలినచోట చల్లారి గట్టిపడి ఉంటుంది. మీరు ఊళ్లోకి వచ్చేసరికి పన్నెండు కాబట్టి దాని కోసం తిరగొద్దు. జొన్నరొట్టె, వంకాయ కూర, బుడ్డల (వేరుశెనగ) చట్నీ ఉన్న మెస్ చూసుకోండి, లేదంటే రాగిసంగటి, నాటుకోడి పులుసు. నాటుకోడి పులుసులో కారం బలంగా ఉంటుంది, ఆ తర్వాత విమానం ఎక్కేది ఉంది కాబట్టి కడుపు సున్నితంగా ఉన్నవాళ్లు పెరుగన్నంతో సరిపెట్టుకోవడం మంచిది.

తిరిగి వచ్చాక సెక్యూరిటీ దగ్గర ఆగిపోయే వస్తువులు ఈ ప్రాంతంలో కొన్ని ప్రత్యేకం. గుళ్లో పూజ సామాను కవరులో అగ్గిపెట్టె, కర్పూరం ఉండిపోతాయి. ఆ రెండూ చేతి సంచిలోనూ కుదరవు, సూట్‌కేసులోనూ కుదరవు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, మంట అంటుకునే గుణం ఉంది కాబట్టి దాన్నీ రెండు చోట్లా ఒప్పుకోరు. కొట్టిన టెంకాయ చిప్పలు అక్కడే తినేయండి, లేదా డ్రైవర్ చేతిలో పెట్టండి. కారప్పొడి, నూనె తేలే పచ్చడి సూట్‌కేసులో పెట్టండి, చేతి సంచిలో పెడితే తీసేస్తారు. పవర్ బ్యాంకుది దీనికి తలకిందులు: అది చేతి సంచిలోనే ఉండాలి, సూట్‌కేసులో ఉంటే పిలిచి తెరిపిస్తారు. కాబట్టి సూట్‌కేసు ఒకసారి తెరిచి సర్దాల్సింది కౌంటర్ దగ్గర కాదు, భోజనం అయ్యాక కారు డిక్కీ దగ్గర.

ఇక్కడికి వచ్చేవి ఏటీఆర్ అనే చిన్న విమానాలు. వాటిలో పై అరలు చిన్నవి. పెద్ద విమానంలో పట్టే ట్రాలీ సంచి ఇందులో పట్టదు, మెట్ల దగ్గరే ట్యాగ్ కట్టి కింద వేస్తారు. అలా అడిగేలోపే మందులు, ఫోన్ ఛార్జర్, పవర్ బ్యాంకు, అమ్మగారి నగలుంటే అవి, బయటికి తీసి ఒక గుడ్డ సంచిలో పెట్టుకోండి. ఎక్కేది వెనక తలుపు నుంచి, విమానం దాకా నడవాలి, మెట్లు ఇరుకు. నడక కష్టమైతే వీల్‌చైర్ కనీసం 48 గంటల ముందే టికెట్‌లో చేర్పించండి, ఆ రోజు వచ్చి అడిగితే ఉన్న ఒకటో రెండో కుర్చీలు వేరేవాళ్లకు పోయి ఉండొచ్చు. వెనక వరుసల సీట్లు తీసుకుంటే లోపల నడక తగ్గుతుంది.

ఇక ఆలంపురం. ఎందుకు వద్దన్నానో చెప్పాలి, లేకపోతే డ్రైవరే 'గంటలో పోయొద్దాం సార్' అని ఎక్కించుకుంటాడు. విమానాశ్రయం నుంచి కర్నూలు 18, అక్కడి నుంచి తుంగభద్ర వంతెన దాటి నలభైనాలుగో నంబరు రహదారి మీద ఆలంపురం చౌరస్తా దాకా పోయి లోపలికి తిరిగితే ఇంకో పాతిక. ఒకవైపు గంటా పది నిమిషాలు. 185లోంచి 140 పోతే మిగిలేది ముప్పావుగంట. అక్కడున్నదేమో ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టిన తొమ్మిది బ్రహ్మాలయాలు (పేరు బ్రహ్మదైనా లోపల ఉన్నది శివుడే), జోగులాంబ శక్తిపీఠం, కూడవెల్లి నుంచి ఎత్తుకొచ్చి నిలబెట్టిన సంగమేశ్వరాలయం. ముప్పావుగంటలో చెప్పులు విడిచి, వేసుకునే సరికే సరిపోతుంది. మీరు చేరేసరికి మధ్యాహ్నం తలుపులు మూసే వేళ దగ్గరపడుతుంది, అమ్మగారు జోగులాంబ దర్శనం దొరక్క వెనక్కి రావాలి. పైగా అది తెలంగాణ. పసుపు ప్లేటు బండికి ఆల్ ఇండియా పర్మిట్ లేకపోతే సరిహద్దు దాటగానే ఇబ్బంది, పుల్లూరు దగ్గర టోల్ కూడా కట్టాలి.

మీ రెండు విమానాల మధ్య ఎనిమిది గంటలుండి, మొదటిది తొమ్మిదిలోపు దిగితే అప్పుడు ఆలంపురమే మొదటి ఎంపిక. ఎండాకాలమైతే మేజోళ్లు వెంట తీసుకెళ్లండి, గుడి ఆవరణలో రాతిపరుపు మీద ఉత్త కాళ్లతో నడవలేరు. యాగంటి గంటన్నర, బెలుం గుహలు రెండు గంటలు, మంత్రాలయం ఇంకా ఎక్కువ, అన్నీ ఒక్కవైపే. ఇవి రాత్రి బస పెట్టుకుని చూడాల్సినవి.

చివరగా, రెండో విమానం రద్దయితే. టెర్మినల్లో కూర్చుని రేపటి విమానం గురించి తేల్చుకునేలోపు చీకటి పడుతుంది. డ్రైవర్‌ను పంపేసే ముందు విమానం అవతలి ఊరి నుంచి బయల్దేరిందో లేదో ఒకసారి చూసి, ఫోన్ నంబరు దగ్గర ఉంచుకోండి. రద్దు చేస్తే డబ్బు వెనక్కి అడిగే హక్కు మీకుంది, రెండు గంటలు దాటి ఆలస్యం చేస్తే తాగడానికి, తినడానికి ఇవ్వాలన్న నియమమూ ఉంది, అడిగితేనే ఇస్తారు. కర్నూలు నుంచి హైదరాబాదు దాదాపు 215 కిలోమీటర్లు, బస్సులో నాలుగైదు గంటలు. బెంగళూరు 360 దాకా, రాత్రి బస్సు ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు. కాబట్టి సాయంత్రం ఐదులోపు తేల్చేసుకుంటే బస్సులో సీట్లు దొరుకుతాయి. శుక్ర, ఆదివారాల్లో ఆ టైముకు కూడా కష్టమే.